మూడో బేస్ దగ్గర ఒట్టు

బేస్‌బాల్‌లో ఒక్కో బేస్ దగ్గర ఒక్కో అంపైర్ నిలబడాలి. మా లీగ్ మొత్తానికి ఉన్నది ఒక్కరే. డ్రిల్లు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. మోకాళ్ళ నొప్పుల మనిషి. బ్యాట్ పట్టుకున్న పిల్ల వెనకాల నిలబడ్డారంటే ఇక అక్కణ్ణుంచి కదలరు. "మిగతా చోట్ల ఏం జరిగినా నాకు సంబంధం లేదమ్మా, నా కళ్ళు ఇంతవరకే" అని మొదటి రోజే చెప్పేశారు. ఇంకొకరి కోసం నేను ఎక్కని గుమ్మం లేదు. ఆట తెలిసినవాళ్ళు తెల్లారి లేవరు. తెల్లారి లేచేవాళ్ళకు క్రికెట్ కాక ఇంకో ఆట ఉందని తెలియదు.

నేను గాజువాకలో ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీని. వేసవి సెలవులు రాగానే పద్దెనిమిదేళ్ళ లోపు ఆడపిల్లలతో ఈ లీగ్ నడుపుతాను. జాలరిపేట, దువ్వాడ, గాజువాక, భీమిలి, అనకాపల్లి, విజయనగరం, మొత్తం ఆరు జట్లు. ఎండ ముదరకముందే ఆట ముగించాలి. తొమ్మిది దాటితే మైదానం క్రికెట్ వాళ్ళది. కాస్త ఆలస్యమైతే చాలు, వికెట్లు పట్టుకొచ్చి మా మధ్యలోనే పాతేస్తారు. వాళ్ళతో నేను పడ్డ గొడవలు రాస్తే వేరే పుస్తకమవుతుంది. అందుకే మా లీగ్‌లో అదనపు ఆట లేదు. రెండు జట్లూ సమానంగా నిలిస్తే పాయింట్లలో పైనున్న జట్టు గెలిచినట్టే. ఈ రూల్ నేనే పెట్టాను.

"ఏటి మేడమ్ ఈ ఆట?" అని ఆటో డ్రైవర్ దగ్గర్నుంచి మా ప్రిన్సిపాల్ దాకా అందరూ అడుగుతారు. బంతిని కొట్టాలి, బ్యాట్ అక్కడే పడేయాలి, మూడు బేస్‌లు చుట్టి బయల్దేరిన చోటికే తిరిగి రావాలి, అప్పుడొక రన్ అని చెబుతాను. దారిలో అవతలి జట్టు పిల్ల బంతి ఉన్న గ్లవుజుతో ఒంటిని తాకితే అవుట్. "ఓస్, ముట్టుకునే ఆటేనా" అని తేల్చేస్తారు. అవును, ముట్టుకునే ఆటే. కానీ ముట్టుకుందా లేదా అన్నది ఎవరు చెప్పాలి? నన్ను పట్టుకున్న ప్రశ్న అదే.

మొదటి వేసవిలో ఒకరోజు రెండో బేస్ దగ్గర పెద్ద గోల లేచింది. తగిలిందని ఒకరు, తగల్లేదని ఒకరు. మాస్టారు ఆకాశం వైపు చూస్తున్నారు. నేను స్కోరు బల్ల దగ్గర్నుంచి పరిగెత్తి అక్కడికి చేరేసరికి గోల చల్లారిపోయింది. పిల్లలు ఎవరి చోట్లకు వాళ్ళు వెళ్ళిపోతున్నారు.

"ఏమైందే?"

"అయిపోనాది మేడమ్. తగిలింది, అమ్మతోడు అన్నాది."

"అంటే?"

"అంటే తగిలిందనే కదా."

నాకో జబ్బుంది. ఏదైనా అంతు తెలుసుకోకపోతే అన్నం సహించదు. ఆ రోజు నుంచి పిల్లలు నీళ్ళు తాగే దగ్గర కూర్చుని ఆరా తీయడం మొదలుపెట్టాను. ఆరు ఊళ్ళ పిల్లలు, ఒకరి మొహం ఒకరు ఎరగనివాళ్ళు, నాతో ఒక్క మాట చెప్పకుండా ఒక చట్టం రాసేసుకున్నారు. గొడవ వస్తే ముందు పరిగెత్తిన పిల్లను అడగాలి. ఆమె తేల్చలేకపోతే బంతి పట్టుకున్న పిల్లను అడగాలి. ఒట్టు వేసి చెప్పిన మాటకు తిరుగులేదు. ఒట్లలో కూడా తరగతులున్నాయి. గాడ్ ప్రామిస్‌కు అస్సలు విలువ లేదట, దాన్ని ఎవరైనా ఎప్పుడైనా అనేస్తారట. చదువు తోడు పరవాలేదు గానీ, లెక్కల్లో తప్పిన పిల్ల చదువు మీద వేస్తే చెల్లదు. పోవడానికి అక్కడ ఏముందని? అన్నం తోడు గట్టిదే. అన్నిటికీ పైన అమ్మతోడు. అమ్మ లేని పిల్ల అమ్మమ్మ మీద వేసుకోవచ్చు.

"అబద్ధం ఒట్టేస్తే?"

"అమ్మకేటైనా అయిపోద్ది మేడమ్" అన్నారు, ఇంత చిన్న సంగతి కూడా తెలియదా అన్నట్టు.

ఇంటికెళ్ళి మా అమ్మను అడిగాను. చిన్నప్పుడు మేము నీ మీద దొంగ ఒట్లు వేసేవాళ్ళం కదా, నీకెప్పుడైనా ఏమైనా అయిందా అని. మా అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, "మీ ముగ్గురి దొంగ ఒట్లకీ నేను పోవాలంటే నాకు ఎన్ని ప్రాణాలు కావాలే" అంది. ఈ మాట పిల్లలకు మాత్రం చెప్పలేదు. ఒక్క అంపైర్‌తో లీగ్ నడవాలంటే వాళ్ళ భయం వాళ్ళకు ఉండాలి మరి. నిజం చెప్పాలంటే క్రికెట్ వాళ్ళ కెమెరాల కంటే మా ఒట్టే బాగా పనిచేసింది.

ఈ చట్టానికి లొంగనిది ఒక్కతే, దువ్వాడ జట్టు పిల్ల. సన్నగా, పొడుగ్గా ఉంటుంది, పరుగందుకుంటే కళ్ళు ఆమెను అందుకోలేవు. వాళ్ళ నాన్న రైల్వేలో పనిచేస్తారు, ఆదివారం చర్చిలో ముందు వరసలో ఉంటారు. మొదటి మ్యాచ్‌లోనే ఆమెను ఒట్టు వేయమన్నారు. "మేం ఒట్లు పెట్టుకోం" అంది. అయితే అవుటే అని అవతలి జట్టు ఎగిరింది. "ఉన్నది ఉన్నట్టు చెప్తే చాలు, ఒట్టెందుకు అంటారు మా నాన్న" అని ఆమె కదలకుండా నిలబడింది. ఆ రోజు నేను కలగజేసుకుని ఎలాగో సర్దాను. తర్వాత అనకాపల్లి మీద ఆడుతుంటే, ఎవ్వరూ చూడని చోట, ఎవ్వరూ అడక్కుండానే చెయ్యెత్తి "నాకు తగిలింది, నేను అవుట్" అంటూ బయటికి నడిచొచ్చింది. అప్పట్నుంచి ఆమె ఊరికే అవునన్నా సరే, దాన్ని అమ్మతోడుకు సమానంగా లెక్కేశారు పిల్లలు. అలా లెక్కేయమని నేను చెప్పలేదు. అది కూడా వాళ్ళ చట్టమే.

మొన్నటి వేసవిలో ఆమె పదో తరగతి అయిపోయింది. ఫైనల్‌కు ముందు బూట్ల లేసులు కట్టుకుంటూ, తల ఎత్తకుండా చెప్పింది. "ఈ కప్పు గెలిస్తే దువ్వాడలోనే కాలేజీ మేడమ్, ఇంకో రెండేళ్ళు ఆడుకోమన్నారు నాన్న. లేకపోతే విజయవాడ వైపు హాస్టల్ కాలేజీ. అక్కడ గ్రౌండ్ లేదంట. మెట్ల మీద కూడా చదువుకోవాలంట." అలాంటి కాలేజీలు నేను చూశాను. పిల్లలు కిటికీల్లోంచి బట్టలు ఆరేసుకుంటారు తప్ప బయటికి కనిపించరు. ఎలాగైనా గెలవవే అనబోయాను. కానీ లీగ్ నడిపేదాన్ని, ఒక జట్టు వైపు నిలబడకూడదు. "బాగా ఆడు" అన్నాను, అంతే.

ఆ ఫైనల్‌కు తల్లుల్ని పిలవాలన్న బుద్ధి నాకే పుట్టింది. పిల్లలు ఇంత బాగా ఆడుతుంటే ఇంట్లోవాళ్ళు ఒక్కరోజైనా చూడొద్దా అని ఊరూరా తిరిగి చెప్పొచ్చాను. జాలరిపేట తల్లులు మామూలు రోజుల్లో ఆ వేళకు పూర్ణా మార్కెట్ దగ్గరో, వీధుల్లోనో చేపల తట్టలతో ఉంటారు. అవి సముద్రంలో వేట ఆపిన రోజులు, ఎండు చేపల బేరమే కాబట్టి కాస్త తీరిక. అందరూ కట్టకట్టుకుని వచ్చి, గీత పక్కనే చీరలు పరుచుకుని కూర్చున్నారు. దువ్వాడ పిల్ల తండ్రి బైక్ స్టాండ్ వేసి, దాని పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డారు. అందరూ వచ్చారని నేను మురిసిపోయాను. కొని తెచ్చుకున్న తద్దినం అంటే ఏమిటో అప్పటికి నాకు తెలియదు.

ఫైనల్ జాలరిపేటకూ దువ్వాడకూ. ఆఖరి ఇన్నింగ్స్‌కు రెండు జట్లూ సమానం. పాయింట్లలో జాలరిపేట పైన ఉంది, అలాగే ముగిస్తే కప్పు వాళ్ళదే. దువ్వాడకు ఒక్క రన్ కావాలి, ఇంకొక్కరు అవుటైతే వాళ్ళ ఆట అయిపోయినట్టే. మన దువ్వాడ పిల్ల రెండో బేస్ మీద ఉంది. అవతల క్రికెట్ వాళ్ళు వికెట్లు భుజాన వేసుకుని నిలబడ్డారు.

బ్యాట్ తగిలిన బంతి నేలబారుగా మూడో బేస్ వైపు దొర్లింది. అక్కడ కాపలా ఉన్నది జాలరిపేట పిల్ల. పొట్టిగా, గట్టిగా ఉంటుంది, లీగ్‌లో అందరికంటే గొంతు పెద్దది. బంతిని గ్లవుజులోకి తీసుకుని, తన వైపే దూసుకొస్తున్న దువ్వాడ పిల్ల నడుం మీదికి చెయ్యి విసిరింది. దువ్వాడ పిల్ల విల్లులా వంగి, పక్కకు ఒదిగి, బేస్ తొక్కి, అదే ఊపులో ఆఖరి గీత కూడా దాటేసింది. ఎర్ర దుమ్ము లేచింది. మాస్టారు కొట్టిన పిల్ల వైపు చూస్తున్నారు. భుజాలు ఎగరేశారు.

తగల్లేదంటే కప్పు దువ్వాడది. తగిలిందంటే జాలరిపేటది. తగిలిందో లేదో లోకంలో ఇద్దరికే తెలియాలి.

ముందు పరిగెత్తిన పిల్లను అడగాలి కదా, నేనే వెళ్ళి అడిగాను. ఆమె మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రొప్పుతోంది. లేదని ఒక్క మాట అంటే చాలు, జాలరిపేట వాళ్ళతో సహా అందరూ నమ్ముతారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. తండ్రి వైపు ఒకసారి చూసింది.

"తెలీదు మేడమ్. ఏదో తగిలినట్టుంది. గ్లవుజో, నా చొక్కానో తెలీలేదు."

వాళ్ళ నాన్న నుదురు పట్టుకోవడం నాకు అంత దూరం నుంచి కూడా కనబడింది.

ఇక వంతు జాలరిపేట పిల్లది. "తగిలింది!" అంది. "అయితే అనవే" అని ఆమె జట్టంతా మూగింది. ఆ పిల్ల "అమ్మ..." అని నోరు తెరిచి, అక్కడే ఆగిపోయింది. ఎందుకాగిందో నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమె చూపు ఎటు పోయిందో అటు చూస్తే అప్పుడు తెలిసింది. వేసవి అంతా వాళ్ళు ఒట్లు వేసింది ఎక్కడో బజార్లో ఉన్న అమ్మల మీద. ఆ రోజు ఆ అమ్మ ఎదురుగా తమలపాకు నములుతూ కూర్చుంది.

"ఏటే, ఏటాగిపోనావ్?" అని తల్లి అడిగింది. పక్కనున్న పిల్లెవరో విషయం చెప్పేసింది. ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని లేచింది.

"ఓలమ్మ! ఎండాకాలమంతా నా మీద ఒట్లేసి ఆడతన్నారేటి మీరు? అందుకేటే నా నడుం ఇలగయిపోనాది!"

అందరూ ఘొల్లున నవ్వారు. నవ్వు ఆగకముందే మిగతా తల్లులు కూడా తమ పిల్లల్ని పట్టుకుని, నువ్వెన్నేశావే, నువ్వెన్నేశావే అని నిలదీయడం మొదలుపెట్టారు. భీమిలి నుంచి ఊరికే చూడ్డానికి వచ్చిన ఒకావిడ కూతురి చెవి మెలేసింది. ఫైనల్ కాస్తా పంచాయితీ అయిపోయింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అప్పుడు ఆ తల్లి చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపి, తిన్నగా మైదానంలోకి నడిచొచ్చి, మూడో బేస్ పక్కన చతికిలబడింది.

"నిజవే అయితే బయమేటి? ఇలగ నా నెత్తి మీద సెయ్యెట్టి సెప్పు."

ఆ పిల్ల గ్లవుజు తీసేసి తల్లి తల మీద చెయ్యి పెట్టింది.  క్రికెట్ వాళ్ళు కూడా వికెట్లు దించి ముందుకు జరిగారు. పిల్ల గొంతు మొదటిసారి సన్నగా వినబడింది.

"అమ్మతోడు, తగిలింది."

కప్పు జాలరిపేటకు ఇచ్చాను. వాళ్ళు ఎగిరి గంతులేశారు. బైక్ దగ్గర దువ్వాడ తండ్రి కూతురితో అంటున్నది నా చెవిన పడింది. "తెలీదేటి? నీ ఒంటికి తగిలిందో లేదో నీకు తెలీదా? అబద్దమాడమని నేనన్లేదు. ఆటలోనే ఇంత పరాగ్గా ఉంటే సదువులో ఏటుంటాది?" ఆ పిల్ల బైక్ ఎక్కింది. నాకు ఆయన మీద చెప్పలేనంత కోపం వచ్చింది. కానీ కప్పుకూ కాలేజీకీ ముడిపెట్టిన ఒప్పందం ఆయనది, నాది లీగ్. నేనేమంటాను?

కొన్నాళ్ళు పోయాక ఒక ఉదయం జాలరిపేట పిల్ల మా గేటు దగ్గర నిలబడి ఉంది. ఎప్పుడూ లోపలికి రమ్మనకముందే వంటింటి దాకా వచ్చేసే పిల్ల.

"మేడమ్, మా అమ్మకి జరం."

"డాక్టర్‌కి చూపించారా?"

"సూపించాం. మందులిచ్చారు, తగ్గిపోద్దన్నారు. తగ్గుతంది కూడా." ఆ పిల్ల గేటు గొళ్ళెం తిప్పుతూ ఉండిపోయింది. "నాను ఒట్టేసినప్పుడు నాకు తెలీదు మేడమ్."

"ఏం తెలీదు? తగల్లేదా?"

"అదే తెలీదు. తగిలినట్టే ఉంది, తగల్నట్టూ ఉంది. సెయ్యి ఇసిరాను, ఏదో మెత్తగా అన్పించింది. గాలో గుడ్డో."

"మరి ఒట్టెలా వేశావే?" నా గొంతు లేచింది. ఒళ్ళు మండిపోయింది నాకు.

"ఆ పిల్ల తెలీదన్నాది. నానూ తెలీదంటే అందరూ నవ్వుతారు. అమ్మ నెత్తి నా సేతికిందుంది. ఏదో ఒకటి సెప్పాలి కదా." కళ్ళ నిండా నీళ్ళు. "అబద్దం సెప్పలేదు మేడమ్. తెలీంది తెల్సినట్టు సెప్పాను. దానికీ జరం వొత్తాదేటి?"

నా కోపం ఎటుపోయిందో నాకే తెలియదు. ఇన్నాళ్ళూ వాళ్ళ చట్టాన్ని అంత ముచ్చటగా చూశానే, అందులో ఒక గది లేదని అప్పుడు కనిపెట్టాను. అవునుకు ఒట్టుంది, కాదుకు ఒట్టుంది. తెలీదుకు ఒట్టు లేదు. ఒట్టు లేని మాటను ఎవరూ మాట కింద లెక్కేయరు.

"సరేలే, ఒట్టు తీసి గట్టు మీద పెట్టేద్దాం" అన్నాను, పిల్లను నవ్విద్దామని. ఆ పిల్ల నవ్వలేదు.

"ఇక్కడ కాదు మేడమ్. ఎవలకి నష్టమైందో ఆలింటికెల్లి తియ్యాలి."

ఆదివారం చర్చి అయ్యే వేళ చూసుకుని ముగ్గురం దువ్వాడ బస్సెక్కాం. మూడో మనిషి ఆ తల్లి. జ్వరం తగ్గి ఇంకా నీరసంగానే ఉంది. వద్దన్నా వినలేదు. "నా నెత్తి మీది ఒట్టు నాను లేకుండా ఎలగ తీత్తారు?" అంది. ఉత్త చేతులతో ఎలా వెళ్తామని ఎండు నెత్తళ్ళ చేపలు పొట్లం కట్టి తెచ్చింది. బస్సు సగం దూరం పోయేసరికి మా చుట్టూ సీట్లన్నీ ఖాళీ. పిల్ల మాత్రం ఒళ్ళో సంచిని గట్టిగా పట్టుకుని కూర్చుంది. సంచిలో కప్పు ఉందని తర్వాత తెలిసింది.

వాళ్ళిల్లు స్టేషన్ అవతల, కొత్తగా వేసిన లేఅవుట్‌లో ఉంది. చుట్టూ ఇంకా ఇళ్ళు లేవు, రాళ్ళు పాతిన ఖాళీ ప్లాట్లే. గుమ్మంలో అడుగుపెట్టగానే ముందు గదిలో కొత్త ట్రంకుపెట్టె, స్టీలు బకెట్టు, చుట్టి తాడు కట్టిన పరుపు కనిపించాయి. హాస్టల్‌కు అన్నీ కొనేశారన్నమాట. దువ్వాడ పిల్ల మమ్మల్ని చూసి లేచి నిలబడింది. తండ్రి "వందనాలండి మేడమ్, రండి" అని కుర్చీలు వేశారు. నెత్తళ్ళ పొట్లం అందుకుని దువ్వాడ పిల్ల వాళ్ళమ్మ లోపలికి టీ పెట్టడానికి వెళ్ళింది.

జాలరిపేట పిల్ల కూర్చోలేదు. నాతో చెప్పిన మాటే, అక్షరం పొల్లు పోకుండా మళ్ళీ చెప్పింది. సంచిలోంచి కప్పు తీసి పరుపు చుట్ట మీద పెట్టింది. దువ్వాడ పిల్ల ఆ కప్పును ముట్టుకోలేదు. "నీకూ తెలీలేదా?" అని ఒక్క మాట అడిగింది. ఈమె తలూపింది. ఇద్దరూ ఒకరినొకరు అలా చూస్తూ ఉండిపోయారు. మాకెవరికీ కనబడనిదేదో వాళ్ళిద్దరికీ కనబడుతున్నట్టుంది.

తండ్రి మొహం చిట్లించారు. "ఇదేటి మేడమ్? ఇద్దరాడారు, ఇద్దరికీ తెలీదా? మరింతకీ దువ్వాడ గెలిచినట్టా, ఓడినట్టా?"

"తెలీదండి" అన్నాను. లీగ్ నడిపేదాని నోట రావలసిన మాట కాదది. కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా.

"పక్కన ఒకడు నిలబడి సూసుంటే తెల్దా? సూసేవోడు లేకే ఈ గొడవంతా. పదండి, మళ్ళీ ఆడండి, నాను సూత్తాను" అని ఆయన లేచారు.

అందరం బయటికి వచ్చాం. జాలరిపేట తల్లి మాత్రం ముందు ఒట్టు సంగతి తేల్చమంది. కూతురు చెయ్యి పట్టుకుని తన తల మీద పెట్టుకుంది. "తీసి గట్టు మీదెట్టు" అంటూనే నాలుగు దిక్కులూ చూసింది. "గట్టేదీ? ఇక్కడ గట్లన్నీ ప్లాట్లు సేసీసారు!" చివరికి ఒక సరిహద్దు రాయి కనిపిస్తే, పిల్ల ఆ ఒట్టును తల్లి తల మీంచి రెండు చేతులతో ఎత్తి, జాగ్రత్తగా దాని మీద పెట్టింది. ఆ తండ్రి ఒట్లు నమ్మని మనిషి. అయినా అది అయ్యేదాకా మాట్లాడకుండా నిలబడ్డారు. ఆ ఒక్క పనికి ఆయన మీద నా కోపం సగం తగ్గింది.

ఆ రాయినే మూడో బేస్ చేసుకున్నాం. దువ్వాడ పిల్ల అవతలి ప్లాటు రాయి దగ్గరికి వెళ్ళి నిలబడింది. నేను బంతి దొర్లిస్తాను, జాలరిపేట పిల్ల పట్టుకుంటుంది. తండ్రి ప్యాంటు మడిచి, మోకాళ్ళ మీద చేతులానించి, చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో కూర్చున్నట్టుగా నిలబడ్డారు. "ఆ రోజెలగ వంగావో అలగే వంగు" అని కూతురికి చెప్పారు.

మొదటిసారి దువ్వాడ పిల్ల దూసుకొచ్చింది, గ్లవుజు గాలిని కోసింది. "తగిలింది!" అని ఆయన ఠక్కున అన్నారు. పిల్లలిద్దరూ ఒక్కసారే తలలు అడ్డంగా ఊపారు. "తగల్లేదు నాన్నా. ఇది మాత్రం తెలిసింది, తగల్లేదు." జాలరిపేట పిల్ల కూడా "లేదు బాబూ, బెత్తెడు దూరముంది" అంది. ఆయన కళ్ళు నులుముకున్నారు. "నా కళ్ళారా సూసేను కదా" అన్నారు, ఎవరో ఆయన జేబు కొట్టేసినట్టు.

"మళ్ళీ" అన్నారు.

రెండోసారి ఇంకా దగ్గరికి జరిగారు. ఎర్రమట్టి లేచింది. గ్లవుజు, చొక్కా, ఆ పిల్ల జడ, అన్నీ ఒక్క క్షణంలో ఒకేచోట కలిసి విడిపోయాయి. దువ్వాడ పిల్ల రాయి దాటి పోయి ఆగింది.  అందరం ఆయన వైపే చూస్తున్నాం.  తగిలిందంటే ట్రంకుపెట్టె కదులుతుంది. ఆయనకు కావలసిందీ అదే. అడ్డుచెప్పేవాళ్ళు కూడా లేరు, పిల్లలిద్దరూ నోరు తెరిచి నిలబడి ఉన్నారు, ఈసారి వాళ్ళకూ తెలియలేదని మొహాలే చెబుతున్నాయి.

ఆయన మట్టిలో అలాగే వంగి ఉన్నారు.

"ఏటి బాబూ?" అని జాలరిపేట తల్లి అడిగింది.

"తెలీలేదమ్మా" అన్నారు.

"ఓలప్పా! ముక్కు దగ్గరెట్టుకు సూసినోడికే తెలీదంట!" అని ఆవిడ నవ్వింది. ఆయన నవ్వలేదు. నిదానంగా నడుం నిలబెట్టి, కూతురి దగ్గరికి వెళ్ళి, ఆమె చొక్కా మీది మట్టి దులిపారు. దులిపేంత మట్టేమీ లేదు.

"ఆ రోజు నువ్వు పరాగ్గా లేవమ్మా" అన్నారు. "ఉన్నది ఉన్నట్టే సెప్పావు. నాకే అర్దం కాలేదు."

ఆ పిల్ల అప్పటిదాకా ఏడవలేదు. ఫైనల్ రోజు కూడా ఏడవలేదు. అప్పుడు ఏడ్చింది, చెప్పొద్దూ, దాన్ని చూసి నేనూ ఏడ్చాను.

కప్పు ఎవరిదన్న ప్రశ్న మాత్రం తేలలేదు. ఇటువాళ్ళు అటు నెట్టారు, అటువాళ్ళు ఇటు నెట్టారు. చివరికి నేనే తెచ్చుకున్నాను. ఇప్పుడు మా వంటింట్లో ఉంది, మా అమ్మ అందులో చెంచాలు వేసుకుంటోంది.

టీ తాగి బయల్దేరుతుంటే ఆయన మా వెంట బస్సు దాకా వచ్చారు. ఏదో అడగాలని గొంతు సవరించుకుంటున్నారు. బస్సు కనబడ్డాక గానీ అడగలేదు.

"మేడమ్, ఇక్కడ కాలేజీ నాలుగింటికి వదుల్తారు. ప్రాక్టీసు ఆ తర్వాత పెట్టుకోవచ్చా?"